మస్టర్, ఇంక్లైన్, ఓబీ... ఇదంతా ఇంగ్లిషే కదా!

‘వాక్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్’ అంది ఎదురుగా కూర్చున్న మేడమ్. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎక్కడికి నడవాలో అర్థంకాక తలుపు వైపు కూడా చూశాను. ప్రాజెక్ట్ గురించి మొదట్నుంచి వివరించమని దానర్థమట. బయటికొచ్చాక ఫ్రెండ్ చెబితే తెలిసింది. ఆ ఉద్యోగం రాలేదు.

తమాషా ఏంటంటే, అప్పుడు నా బ్యాగులో మూడు వేల కష్టమైన పదాల పుస్తకం ఉంది. ‘గ్యారులస్’ అంటే వాగుడుకాయ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. ‘వాక్ మీ త్రూ’ మాత్రం రోజూ వింటున్నా.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా చిన్నమ్మ కూతురు. ఆసిఫాబాద్ వైపు ఊళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, ఇంటర్ బట్టీ కొట్టి గట్టెక్కి, ఇంజినీరింగ్‌లో చేరింది. చేరిన నెలకే ఫోన్. “అన్నా, సార్లు చెప్పేది ఏం సమజైతలేదు. నేను ఇంటికొస్త.”

ఏ పదాల దగ్గర ఆగిపోతున్నావో రాసి పంపమన్నాను. ‘టార్క్’, ‘వోల్టేజ్’ లాంటివి ఉంటాయనుకున్నా. అవేవీ లేవు. ‘అజ్యూమ్’, ‘డిరైవ్’, ‘హెన్స్’, ‘వేరాజ్’, ‘కన్‌స్ట్రెయింట్’, ‘సబ్జెక్ట్ టు’... ఇవీ ఆమెను ఇంటి దారి పట్టిస్తున్న మాటలు. సబ్జెక్టులోని పదాలను సార్ బోర్డు మీద రాసి వివరిస్తారు. వాటి మధ్యనుండే ఈ పదాలు అందరికీ తెలుసనుకుని వదిలేస్తారు.

ఇలాంటి పదాలకు ఓ జాబితా కూడా ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ తయారుచేశారు. అందులో 570 పద కుటుంబాలు. చెల్లి పంపిన వాటిలో చాలావరకు అందులో ఉన్నాయి. అంతకంటే ముందు రావాల్సిన రోజువారీ పదాల కోసం మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జాబితా ఉంది. దాదాపు 2 వేల పదాలు. ఈ వెస్ట్ దొర ఢాకాలో పనిచేసినవాడు, బెంగాల్ పిల్లలు ఇంగ్లిష్ చదవలేక పడే పాట్లు దగ్గరగా చూసినవాడు. రోజుకు ఐదు పదాలు నేర్చుకుంటే ఏడాదికి 1,825. అంటే ఏడాది దాటిన కొన్నాళ్లకే వెస్ట్ జాబితా అయిపోతుంది. మూడు వేల కష్టమైన పదాల పుస్తకం ఆ తర్వాతి సంగతి. నన్నడిగితే అటకెక్కించినా నష్టం లేదు.

ఇక మన దగ్గరున్న ఆస్తి సంగతి. మాది గోదావరిఖని. మా బాపు సింగరేణి కార్మికుడు. ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదనుకునేవాణ్ని. కానీ ‘మస్టర్ పడిందా?’ అనే మాట వినని రోజు లేదు. ‘మస్టర్’ అంటే హాజరు, అందరినీ ఒకచోట చేర్చడం. అది తెలిస్తే ‘మస్టర్ కరేజ్’ అంటే ధైర్యం కూడగట్టుకోవడమని ఎవరూ చెప్పక్కర్లేదు. ‘ఇంక్లైన్’ అంటే వాలుగా భూమిలోకి దిగే గని. మనసు ఒకవైపు వాలితే ‘ఇంక్లైన్డ్’. ఓపెన్‌కాస్ట్ దగ్గర గుట్టలుగా పోసే ‘ఓబీ’ మట్టి... దాని పూర్తి పేరు ఓవర్‌బర్డెన్, బొగ్గు మీదున్న బరువు. పని మోయలేక సతమతమయ్యేవాడు ‘ఓవర్‌బర్డెన్డ్’. రామగుండంలోనైనా, బెల్లంపల్లి, మందమర్రిలోనైనా ఈ మాటలు చాయ్ బండి దగ్గర దొరుకుతాయి.

సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు ‘వార్పిన్’ తెలుసు. అది ఇంగ్లిష్ ‘వార్పింగే’. లాటిన్‌లో నేతకున్న మాట నుంచే ‘టెక్స్‌టైల్’, ‘టెక్స్ట్’, ‘కాంటెక్స్ట్’ పుట్టాయి. కరీంనగర్ వెండి ‘ఫిలిగ్రీ’ పేరులో ఉన్నది ‘ఫైలమ్’, అంటే దారం. ‘ఫిలమెంట్’, ‘ఫైల్’, ‘ప్రొఫైల్’ ఆ దారం పోగులే. ఒక్క మూలం పట్టుకుంటే నాలుగు పదాలు వస్తాయి.

అయితే మనకు తెలిసిన పదాలే మనల్ని ముంచేవీ ఉన్నాయి. ‘ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. ఇంగ్లిష్‌లో ‘ఫీల్’ అంటే అంతే కాదు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని నేనోసారి విదేశీ క్లయింట్‌కు మెయిల్ పెట్టాను. ఆయన మా డిజైన్ మీద నాకే నమ్మకం లేదనుకున్నాడు. నేను అడగాలనుకున్నది చిన్న ప్రశ్న, అంటే ‘క్వశ్చన్’. ‘తప్పు చేశా’ను ‘డిడ్ మిస్టేక్’ అనేస్తాం. అక్కడ ‘మేడ్’ రావాలి. అందుకే ఒంటరి పదాన్ని రాసుకోకండి. ‘మేక్ ఎ మిస్టేక్’ అని జంటగా రాసుకోండి.

గుర్తుపెట్టుకోవడం ఎలా అంటారా? నేర్చుకున్న వెంటనే మరుపు వేగంగా పనిచేస్తుందనీ, విరామాలిస్తూ చదివితే నిలుస్తుందనీ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో రాశాడు. ‘అంకీ’ యాప్ చేసేది ఆ పనే. ఆండ్రాయిడ్‌లో ఉచితం. తేలిగ్గా చెప్పిన పదాన్ని చాలా రోజుల తర్వాత, తడబడినదాన్ని త్వరగా మళ్లీ అడుగుతుంది. రెడీమేడ్ కార్డులు దించుకోవద్దు, మీ క్లాసులో, మీ బస్సులో తగిలిన వాక్యంతో మీరే తయారుచేసుకోండి. ఫోన్ కూడా అక్కర్లేదనుకుంటే, 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇచ్చిన పుస్తకాలున్నాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. తమ్ముడి పుస్తకం తీసుకుని తెలుగు పేజీని చేత్తో మూసి చదవడానికి సిగ్గెందుకు?

ఇంకో మాట. ఉట్నూరు, జైనూరు వైపు గోండు పిల్లలకు ఇంట్లో గోండి, బడిలో తెలుగు, సంతలో మరాఠీనో హిందీనో. వాళ్లను ఇంగ్లిష్‌లో వెనకబడినవాళ్లంటుంటే నాకు నవ్వొస్తుంది. మూడు భాషలు పుస్తకం లేకుండా నేర్చినవాళ్లు కదా వాళ్లు!

చెల్లి ఇంటికి రాలేదు. రోజుకు ఐదు కార్డులు చేస్తోంది. నిన్న రాత్రి మెసేజ్: “అన్నా, ‘సబ్జెక్ట్ టు’ సమజైంది. మరి ‘సబ్జెక్టెడ్ టు’ అంటే ఏంది?” జవాబు పంపేముందు నేనూ డిక్షనరీ తెరిచాను.