చుండ్రు చెబుతుంది చెట్టు పేరు!

అక్కాచెల్లెళ్లు ఒకేలా ఉంటే పుట్టుమచ్చ చూసి గుర్తుపడతాం. మరి చెట్లయితే? చుండ్రు చూడాలి! నవ్వకండి, అమెరికా కొండల్లోని రెండు రకాల పైన్‌ చెట్లను పోల్చుకునేది నిజంగా అలాగే.

వీటిని బ్రిసిల్‌కోన్‌ పైన్‌లంటారు. కాయ పొలుసుల మీద ముళ్లుంటాయి కాబట్టి ఆ పేరు. రెండింటికీ సూదుల్లాంటి ఆకులు అయిదేసి చొప్పున గుత్తులుగా వస్తాయి. వయసు మీరిన చెట్లయితే గాలికి మెలితిరిగి, సగం ఎండి, సగం పచ్చగా కనిపిస్తాయి. అందుకే చాలాకాలం రెండూ ఒకటే జాతి అనుకున్నారు. 1970లో డి.కె.బెయిలీ అనే పరిశోధకుడు వాటిని విడదీశారు.

కొలరాడో, న్యూమెక్సికో, ఆరిజోనాల్లో పెరిగేది రాకీ పర్వతాల రకం. దీని ఆకుల మీద తెల్లటి జిగురు చుక్కలు అచ్చం చుండ్రు రాలినట్టే ఉంటాయి. కాలిఫోర్నియా, నెవడా, యూటాల్లోని గ్రేట్‌ బేసిన్‌ రకానికి సాధారణంగా అవి ఉండవు.

ఆయుష్షులో తేడా మాత్రం చుక్కంత కాదు. రాకీ రకంలో తెలిసిన పెద్ద చెట్టు వయసు 2,400 ఏళ్ల పైమాట. కాలిఫోర్నియాలోని గ్రేట్‌ బేసిన్‌ చెట్టు ‘మెతూసెలా’ 4,800 ఏళ్లు దాటింది. మొహెంజొదారో కట్టకముందే మొలకెత్తిందన్నమాట!

సారవంతమైన నేల వల్ల అనుకుంటే పొరపాటే. డోలమైట్‌ రాతినేల, కొరికే చలి, అరకొర వాన. ఏటా వెంట్రుకవాసే లావెక్కుతుంది. అలా నిదానంగా పెరిగిన కలప గట్టిపడి, జిగురుతో నిండి, పురుగునీ కుళ్లునీ దరిచేరనివ్వదు.

మనిషిని మాత్రం ఆపలేకపోయింది. 1964లో నెవడాలోని వీలర్‌ శిఖరం దగ్గర డొనాల్డ్‌ కరీ అనే పరిశోధక విద్యార్థి, హిమనదాల చరిత్ర తెలుసుకునేందుకు అటవీశాఖ అనుమతితో ఒక చెట్టుని కొట్టించారు. వలయాలు లెక్కపెడితే 4,800 పైనే! అప్పటికి తెలిసిన చెట్లన్నిటిలోకీ పెద్దదైన ‘ప్రొమీథియస్‌’ అదే.

ఇప్పుడు ముప్పు కొత్త దారిలో వస్తోంది. రాకీ రకానికి 2003లో కొలరాడోలో తుప్పు తెగులు కనిపించింది. కరవుకి వేడి తోడై నీరసించిన గ్రేట్‌ బేసిన్‌ చెట్లు, డెత్‌ వ్యాలీ పార్కులోని టెలిస్కోప్‌ శిఖరం మీద బెరడు పురుగులకు చచ్చిపోయాయని 2022లో పరిశోధకులు తేల్చారు. ఒకప్పుడు జిగురుతో పురుగుని తరిమిన చెట్లే అవి.

చెట్టు వయసు తెలియాలంటే కొట్టక్కర్లేదు, బోరుతో తీసిన పెన్సిలంత చెక్క చాలు. జాతి తెలియాలంటే అదీ అక్కర్లేదు... ఆకు మీద ఆ తెల్లచుక్క ఉందో లేదో చూస్తే చాలు!