రైలు పట్టాల కింద గులకరాళ్లు ఎందుకు వేయరు? ఇసుక గొయ్యి ఎందుకు కూలుతుంది? రెండింటికీ కారణం ఒక్కటే!

కాశీబుగ్గ: పలాస రైల్వే స్టేషన్‌లో పట్టాల కింద ఉన్న రాళ్లను ఎప్పుడైనా గమనించారా? అవి పగలగొట్టిన రాయి ముక్కలు. సైజు 20 నుంచి 65 మిల్లీమీటర్లు. వీలైనంత వరకు కోణాలు, పదునైన అంచులు ఉండాలన్నది రైల్వే రూల్. చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉండే గులకరాళ్లు మాత్రం పనికిరావు. ఎందుకు?

ఆకారంలోనే అసలు బలం

బంకమట్టికి జిగురు ఉంటుంది. ఇసుకకి, కంకరకి అది లేదు. రేణువుకీ రేణువుకీ మధ్య రాపిడి, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడం.. వీటి మీదే అవి నిలబడతాయి. ఇంట్లోనే చూడొచ్చు. ప్లేటులో ఆవాలు కుప్పగా పోయండి. జారిపోయి పరుచుకుంటాయి. అదే నౌపడ రాళ్ల ఉప్పు పోస్తే కుప్ప కాస్త నిటారుగా నిలుస్తుంది. మూలలు ఒకదానికొకటి తగులుకుని, రేణువుల్ని దొర్లనివ్వవు.

లెక్క ఎంత?

కుప్ప జారకుండా నిలిచే వాలును డిగ్రీల్లో కొలుస్తారు. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2006లో ప్రచురించిన సూత్రం ప్రకారం.. బాగా అరిగి గుండ్రంగా మారిన ఇసుకకు ఇది సుమారు 30 డిగ్రీలు. కోణాలున్న ఇసుకకు 38 డిగ్రీల దాకా వస్తుంది.

ఎనిమిది డిగ్రీలే కదా అనుకోవద్దు. ఐదడుగుల లోతు గొయ్యి తీస్తే గట్టును ఏటవాలుగా కొయ్యాలి. కోణాల ఇసుకలో ఒక్కో పక్కకు ఆరున్నర అడుగులు చాలు. గుండ్రటి ఇసుకలో దాదాపు తొమ్మిది అడుగులు కావాలి.

ఉద్దానం తీరంలో జాగ్రత్త

టెక్కలి వైపు క్వారీల్లో, క్రషర్లలో పగిలిన రాయికి అంచులు తాజాగా ఉంటాయి. తీరంలో అలా కాదు. అలలు, గాలి ఏళ్ల తరబడి దొర్లించడంతో ఇసుక రేణువుల మూలలు అరిగిపోతాయి. గాలికి పేరుకున్న దిబ్బల్లో ఈ అరుగుదల ఇంకా ఎక్కువ.

ఇక్కడే తడి మోసం చేస్తుంది. చెమ్మగా ఉన్న ఇసుకలో బావికో, పునాదికో గొయ్యి తీస్తే గోడ నిటారుగానే నిలబడుతుంది. అది రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి నీరు పట్టి ఉంచే బలం, అంతే. ఎండకి ఆరినా, వాన పడి నీరు నిండినా ఆ పట్టు పోతుంది. గోడ ఒక్కసారిగా కూలి, లోపలున్న మనిషి ఊపిరాడక చనిపోవచ్చు.

అయితే కోణాలుంటే చాలా?

చాలదు. మూలలున్న రేణువులు ఊరికే పోస్తే సరిగ్గా సర్దుకోవు. మధ్యలో ఖాళీలు ఎక్కువ మిగులుతాయి. బరువు పడ్డాక మూలలు విరిగి కుంగే ఛాన్స్ ఉంది. అందుకే క్రషర్ డస్ట్, రోబో శాండ్ పునాదిలో నింపితే పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. దట్టించాకే వాటి అసలు బలం బయటికొస్తుంది.

ఇవి గుర్తుంచుకోండి

* ఇసుక నేలలో గొయ్యి గోడలు నిటారుగా కొయ్యొద్దు. ఏటవాలుగా కొయ్యండి. చోటు లేకపోతే చెక్కలు, రేకులు అడ్డం పెట్టి బిగించాకే మనిషిని దించండి.
* తవ్విన ఇసుకను గట్టు అంచున పోయొద్దు. ఆ బరువే గోడను తోసేస్తుంది.
* పొద్దున నిలబడిన గోడ మధ్యాహ్నానికీ నిలుస్తుందని నమ్మొద్దు. వాన పడితే వెంటనే పైకి వచ్చేయాలి.
* ఇసుక కొనేటప్పుడు చిటికెడు వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుకుగా గుచ్చుకుంటే కోణాలున్నట్టు, నున్నగా జారితే అరిగినట్టు. ఇది పైపై పరీక్షే. ఇంటి పునాదికి మాత్రం ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించాల్సిందే.