మొదటిసంది గంతేనా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డల్ని సాకిన తల్లులు ముసలివాళ్లయ్యారు. ఆ బిడ్డలకూ నలభై, యాభై ఏళ్లొస్తున్నాయి. వీళ్లు ఇంతకాలం బతుకుతారని ఒకప్పుడు వైద్యులే అనుకోలేదు. బుద్ధిమాంద్యానికి ఒక కారణమైన డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు అమెరికాలో 1983లో 25 ఏళ్లు. ఇప్పుడది 60 దాకా వచ్చింది. వయసుతో పాటు వయసు జబ్బులూ వచ్చాయి. వాటిలో డెమెన్షియా, అంటే మెదడు శక్తులు క్రమంగా తగ్గిపోవడం, ఒకటి.

డౌన్ సిండ్రోమ్‌కూ డెమెన్షియాకూ దగ్గరి చుట్టరికం. 21వ క్రోమోజోము అందరికీ రెండుంటే, వీళ్లకు మూడు. అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కు మూలమైన జన్యువు సరిగ్గా దానిమీదే ఉంది. అందువల్ల ఆ ప్రోటీన్ ఎక్కువగా తయారై మెదడులో పేరుకుంటుంది. నలభై దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ, డెమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ ఆనవాళ్లుంటాయి. లక్షణాలు బయటపడేది ఎక్కువగా యాభైల్లో. వేరే కారణాలతో బుద్ధిమాంద్యం ఉన్నవారికి ముప్పు ఇంత లేదు గానీ, మామూలు జనం కంటే ఎక్కువే.

చిక్కంతా గుర్తుపట్టడంలో ఉంది. మతిమరుపు పరీక్షలో డాక్టర్ తేదీ అడుగుతాడు, వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటాడు. ఎన్నడూ తేదీ చెప్పలేని మనిషి దగ్గర ఆ పరీక్షకు పనేముంది? సదరం సర్టిఫికెట్లోని వైకల్య శాతమూ అక్కరకు రాదు. పోయినేడు తానెట్లా ఉన్నాడో, దానితోనే పోల్చాలి.

పైగా మొదట తగ్గేది జ్ఞాపకశక్తే కానక్కర్లేదు. మేకలు తోలుకుపోయి పొద్దుగూకేలోపు ఇంటికొచ్చే మనిషి గడప దాటనంటాడు. నవ్వుతూ తిరిగేవాడు కసురుకుంటాడు. బొత్తాలు పెట్టుకోలేక నిలబడిపోతాడు. రోజూ చూసే తల్లికి తేడా తెలియదు. పుణెకో ముంబైకో పనికిపోయి దసరాకు ఊరొచ్చిన అన్నకు చప్పున తెలుస్తుంది. చెబితే ఇంట్లో జవాబు: "వాడు మొదటిసంది గంతే గదా!" డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి నలభై దాటాక తొలిసారి ఫిట్స్ వచ్చినా ఇదే మాట అనుకుంటే కష్టం. అది డెమెన్షియాకు గట్టి సూచన.

అట్లాగని ప్రతి మార్పునూ డెమెన్షియా ఖాతాలో వేయడం ఇంకా పెద్ద తప్పు. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ లోపం సాధారణం. కంట్లో శుక్లాలు తొందరగా వస్తాయి, వినికిడి తగ్గుతుంది, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. పంటినొప్పి ఉన్నా చెప్పలేరు. తండ్రి పోయిన దిగులుతో మూలన కూర్చున్నా "మతి పోయింది" అంటాం. ఇవన్నీ వైద్యానికి లొంగేవే. థైరాయిడ్, కన్ను, చెవి పరీక్షలకు హైదరాబాద్ దాకా పోనవసరం లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఇంకా నిపుణులు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. మానసిక ఆరోగ్య సలహాకు 14416కు ఫోన్ చేయొచ్చు.

డెమెన్షియాను నయంచేసే మందు లేదు. నలభై దాటిన డౌన్ సిండ్రోమ్ వారికి మెమాంటిన్ అనే మందు ఇచ్చి చూసిన అధ్యయనం 2012లో వెలువడింది. దాంతో మేలేమీ కనబడలేదు. అందుకే ముందుచూపే ఎక్కువ పనికొస్తుంది. ముప్పై అయిదేళ్లు వచ్చేసరికి, ఆ మనిషి బాగున్నప్పుడే, ఫోన్లో వీడియో తీసి పెట్టుకోవాలి: నడక, అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పడం. ఏటా ఒకసారి మళ్లీ తీస్తే చాలు. డాక్టర్ ముందు తల్లి మాటకు అదే సాక్ష్యం.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే భవిత కేంద్రాలన్నీ పిల్లల కోసమే. పెద్దయ్యాక మిగిలేది ఆసరా పింఛను. తల్లిదండ్రులు చూడలేని రోజు కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు. దరఖాస్తు కలెక్టర్ ఉండే జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా అడగొచ్చు. తల్లి మంచాన పడకముందే ఆ కాగితం పెట్టుకోవడం మేలు.