తండాలో నొక రాత్రి

గూడూరనగానే మన సోదరీమణులలో పెక్కండ్రు చెన్నపట్టణపు దారిలోని రైలుకూడలిని, అభ్రకపు గనులను తలంతురు. మేము చెప్పబోవునది ఆ గూడూరు గాదు. నర్సంపేటనుండి మానుకోటకు బోవు బాటమీద, అడవి యంచున నున్న గూడూరు. 2016 వఱకు నిది వరంగల్లు జిల్లాలోనిది; ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. మానుకోట యనగా మహబూబాబాదే. జనుల నోట పాత పేరే నిలిచియున్నది.

ఈ ప్రాంతమున యాత్రికులు చూడదగినవి కొన్ని కలవు. ఉత్తరమున పాకాల చెఱువు. కాకతీయ గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దపు మొదట, కొండల నడుమ కట్ట వేసి నిలిపిన నీరు నేటికిని పొలములకు బాఱుచున్నది. ఆవల పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. ఇవి మేము ఒకటికి రెండు మాఱులు చూచినవే. పోయినప్పుడెల్ల మా వెంట సద్దిమూట యుండెడిది. పులిహోర, దద్దోజనము, నాలుగు సర్వపిండి ముక్కలు. (బియ్యపుపిండిలో శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి గిన్నె యడుగున తట్టి కాల్చునది, ఓరుగంటి ఆడపడుచులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.) చెట్టుక్రింద గుడ్డ పఱచుకొని మాది మేము తిని, మా నీరు మేము త్రాగి, పొద్దు వాలకమునుపే యిల్లు చేరుట మా వాడుక. దానికి శుచి యని పేరు పెట్టుకొంటిమి. దారిలో నెన్ని గూడెములు, ఎన్ని తండాలు కలవో మేమెన్నడును లెక్కించి యెఱుగము.

మొన్నటి శ్రావణమున మావారును, పదేండ్ల మా అమ్మాయియు, మేమును భీముని పాదమునకు బోయితిమి. గూడూరు మండలపు అడవిలోని జలపాత మది. వానకాలమున దాదాపు 70 అడుగుల యెత్తునుండి నీరు దుముకును. వేసవిలో బండ మిగులును. అక్కడి రాతిపై భీముని యడుగు పడినదని జనుల మాట. మేము చూడబోయినది భీముని పాదమే యైనను, మాకెదురైనది ఆయన యన్నగారగు ఆంజనేయుని బలగము. మూట దింపిన నిమేషములో రెండు కోతులు దానిని చెట్టెక్కించినవి. దద్దోజనపు గిన్నె మాత్రము ఖాళీగా పైనుండి తిరిగి వచ్చినది.

అంతలో వాన పట్టినది. తిరుగుదారిలో వాగు పొంగి బాటమీదుగా పాఱుచుండెను. ఆటో నడుపు కుఱ్ఱవాడు దాటనని చెప్పెను. వాడు మంచిపని చేసెను. ఇట్టి వాగులలో బండ్లు కొట్టుకొనిపోయిన వార్తలు ఏటేట చదువుచునే యున్నాము. చీకటి పడుచుండగా, దగ్గఱి తండాలో మావారి యొద్ద చదివిన యొక పిల్ల యింటికి చేరితిమి.

తండా నడుమ మంచెమీద చిన్న బుట్టలు వరుసగా నుండెను. మన్ను నింపి, నానిన గోధుమలు చల్లిన బుట్టలవి. లంబాడీల తీజు పండుగ. పెండ్లికాని కన్నెలు తొమ్మిది దినములు నీరు పోసి ఆ మొలకలను పెంచి, కడపట పాటలతో గొనిపోయి నీట విడుతురు. మా అమ్మాయి క్షణములో ఆ పిల్లల గుంపులో కలిసిపోయినది.

ఆ యింటి యిల్లాలు మాకు మంచము వాల్చి, కొంత దూరమున నిలిచి యడిగినది: "అమ్మా, మా ఇంట్ల తింటరా? తినరాదంటె పాలన్న కాగవెడత."

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆమె మాటలో నిష్ఠురము లేదు. ఎవరు ఎవరి చేతి దేమి ముట్టుదురో, ఏమి ముట్టరో తరతరములుగా నేర్చుకొనవలసి వచ్చిన మనిషి, మా యిబ్బందిని తానే తగ్గింప జూచుచున్నది. మాకు సిగ్గు వేసినది. సిగ్గు వేసినను "తినెదము" అను మాట వెంటనే నోట రాలేదని యిక్కడ వ్రాయక తప్పదు. ఆముక్తమాల్యద చదివిన వారము గదా! వానకాలమున వచ్చిన యతిథులకు విష్ణుచిత్తుడేమేమి వడ్డించెనో మా తండ్రిగారు మాకు కంఠస్థము చేయించిరి. వడ్డించువారి వైపునుండియే మేము ఆ పద్యములను చదివితిమి. తడిసి వచ్చి వాకిట నిలిచిన వారి వైపునుండి యెన్నడును చదువలేదు. ప్రాచీన గ్రీకుల భాషలో అపరిచితునకును అతిథికిని ఒకటే మాట యట. ఆ రాత్రి మేము ఆ రెండును.

మా అమ్మాయి అప్పటికే పొయ్యికడ కూర్చుండి సగము రొట్టె తినియుండెను. మేమును పోయి కూర్చుంటిమి.

ఆ రొట్టె చేయు విధము చూడదగినది. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు; ముందే కలిపి యుంచినచో విఱిగిపోవును. కావున ఆమె మరిగిన నీరు కొద్దికొద్దిగా పోసి, ఒక్క రొట్టెకు సరిపడు పిండిని మాత్రమే బాగుగా మెదిపి ముద్ద చేసినది. పీట లేదు, కఱ్ఱ లేదు. రెండు అరచేతుల నడుమనే త్రిప్పుచు తట్టినది. పెనముమీద వేసి, తడిచేతితో పైని నీరు పూసి, ఆ తడి యాఱగానే త్రిప్పి, పిదప నిప్పులకు చేర్చి నిలువబెట్టినది. రొట్టె పొంగినది. తోడుగా పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట నూఱిన కారము. వెల్లుల్లి మా యింట వాడుక లేదు. ఆ రాత్రి అదియును తింటిమి.

ఉప్పు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. లంబాడీల పూర్వులు బిడారులు కట్టి, ఎద్దులమీద ఉప్పును ధాన్యమును దేశమంతట మోసినవారు. సముద్రపుటుప్పు లోపలి పల్లెలకు చేరినది చాలవఱకు ఇట్టి యెద్దుల వీపులమీదనే. బాటలు పడి, రైళ్లు వచ్చి ఆ వర్తకము కూలినది. సికిందరాబాదునుండి మానుకోట మీదుగా బెజవాడకు 1889లో రైలు నడచినది. పెక్కండ్రు అడవి యంచుల నిలిచి సేద్యమునకు దిగిరి. మా తాతముత్తాతలు వీరు మోసి తెచ్చిన ఉప్పును తినిరి. దానికి అంటు లేదు. వీరి చేతి రొట్టెకు మాత్రము ఎట్లు వచ్చినది?

ఆ యిల్లాలును జొన్న ప్రతిదినము వండదట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన నాటినుండి అన్నమే దినభోజనమైనది; 2025లో చౌకదుకాణముల సన్నబియ్యమే ఉచితముగ నిచ్చుట మొదలైనది. చేలలో ప్రత్తియు, మొక్కజొన్నయు, మిరపయు నిండినవి. "ఒక్కలం జొన్న ఏస్తె ఊరి పిట్టలన్ని మా చేన్లనే వడ్తయి" అని నవ్వినది. పండుగకని దాచిన పిండి మాకు పెట్టినది.

మఱునాడు వాగు తగ్గగా ఇల్లు చేరితిమి. "ఏమి తింటిరి?" అని అత్తగారడిగిరి. పాలు త్రాగితిమని చెప్పుటకు మా నోరు సిద్ధముగ నుండెను; అమ్మాయి ముందే నిజము చెప్పివేసినది. అత్తగారేమియు ననలేదు. వంటయింట అడుగు పెట్టవచ్చునో రాదో తెలియక గడపకడ నిలిచితిమి. కొంతసేపటికి ఆమె, "రొట్టె పొంగిందా?" అని యడిగిరి. పొంగినదంటిమి. "మా పుట్టింట్ల పొద్దున జొన్నగట్కనే. ఈ ఇంటికొచ్చినంక ఆ మాట ఎవ్వరికి చెప్పలే" అనిరి. ముప్పది యేండ్లు... కాదు, మావారి వయస్సు చూడగా అంతకు మించియే, ఆ మాటను ఆమె యీ యింట దాచుకొని యుండిరి.

సద్దుల బతుకమ్మనాడు ఆ పిల్లయు తల్లియు తంగేడుపూలు తీసికొని వచ్చిరి. మునుపు వచ్చినప్పుడు అరుగుమీదనే కూర్చుండెడివారు. ఈసారి వంటయింట పీటలు వేసితిమి. ఆమె గడప దాటక, మా అత్తగారి వైపు చూచినది.

"రా బిడ్డా, నిలవడకు" అనిరి అత్తగారు.

మలీదముద్దలతో పాటు మేము తట్టిన జొన్నరొట్టె యొకటి పెట్టితిమి. అంచులు పగిలియుండెను. ఆమె తిని, త్రిప్పి చూచి, "నీళ్లు ఇంక కాగాలె అమ్మా" అని చెప్పినది.