నోరు విప్పితే అవిధేయతా?

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. (1970 దాకా మన కనిగిరి కూడా ఆ జిల్లాదే.) తల్లుల గోడు అప్పుడు లోకానికి వినిపించింది. తాగివచ్చిన తండ్రికి భయపడి మూలన నక్కిన పిల్లల గోడు అంతగా వినిపించలేదు.

ఆ పిల్లలిప్పుడు నడివయస్సువారు. చిన్న అలికిడికే ఉలిక్కిపడతారు. వద్దనుకుంటూనే తమ బిడ్డల మీద తండ్రిలాగే అరుస్తారు. ఎవరితోనైనా చెప్పుకోమంటే, "అబ్బా గురించి చెప్పడం గీబత్ కాదా హజ్రత్?" అంటారు.

గీబత్ హరామే. కాని సహాయం కోరేందుకు, జరిగిన అన్యాయం తెలిపేందుకు అవసరమైనంత మేరకు చెప్పుకోవచ్చునని ఇమామ్ నవవీ (రహ్మ) 'రియాజుస్సాలిహీన్'లో వివరించారు. హజ్రత్ ఇబ్రాహీం (అ)ను తండ్రి రాళ్లతో కొడతానని బెదిరించాడు. ఆయన తండ్రిని తూలనాడలేదు, సలాం చెప్పి దూరంగా తొలగిపోయారు. దివ్య ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరాలో ఈ ఘట్టం ఉంది.

తాగుబోతుల కుటుంబీకుల కోసం 1951లో అమెరికాలో 'అల్-అనాన్' ఏర్పడింది. అక్కడ పేర్లు బయటికి రావు. ఒకరు తన బాధ చెబుతారు, మిగతావారు వింటారు. మన దేశంలోనూ ఈ సమావేశాలు జరుగుతాయి. అంతదూరం వెళ్లలేనివారు, బజార్లో విషయం పొక్కుతుందని భయపడేవారు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన 'టెలీ మానస్' ఇది. రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇమామ్‌లకు, మదర్సా ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇలాంటివారు వచ్చినప్పుడు "ఎంతైనా తండ్రి కదా" అని నోరు మూయించకండి. ముందు పూర్తిగా వినండి. విన్నది ఇంట్లో కూడా చెప్పకండి.