రెండో రౌండు చేజారాక

సోమల, పుంగనూరు, మదనపల్లె వైపు పిల్లల్ని కరాటేకో బాక్సింగుకో పంపే తల్లిదండ్రులు మాస్టారిని ముందుగా అడిగేది ఒకటే: "మా పిల్లకి ఇది వస్తాదా సార్?" విద్య పుట్టుకతో రావాలన్న నమ్మకం మనలో అంత గట్టిది. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఒక్కసారి చూడాల్సిన కాగితం ఒకటుంది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మహిళల బాక్సింగ్ పోటీల్లో 52 కిలోల ఫైనల్ స్కోరు కార్డు.

గెలిచింది నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. థాయ్‌లాండ్ బాక్సర్ జిట్పాంగ్ జుటామస్ మీద 5-0. వినడానికి ఏకపక్షంగా ఉంది గానీ, కార్డు చెప్పే కథ వేరు. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు 30-27 వేశారు, ముగ్గురు 29-28. రౌండు గెలిస్తే 10, ఓడితే మామూలుగా 9. అంటే ఆ ముగ్గురి లెక్కలో నిఖత్ ఒక రౌండు పోగొట్టుకుంది. అది రెండో రౌండు. మొదటి మూడు నిమిషాల్లో ఐదుగురినీ ఒప్పించిన మనిషి, తర్వాతి మూడు నిమిషాల్లో 3-2తో వెనకబడింది.

మూడో రౌండు గంట మోగేసరికి ముగ్గురి కార్డుల మీద 19-19. వాళ్ల దగ్గర ఆ రౌండు కూడా పోయుంటే స్వర్ణం థాయ్‌లాండ్‌కు వెళ్లేది. చేతిలో ఉన్నది ఒక్క నిమిషం విరామం. ఊపిరి సర్దుకోవాలి, కోచ్ మాట చెవిన వేసుకోవాలి, అవతలి మనిషి దెబ్బ ఎటునుంచి వస్తోందో గుర్తు తెచ్చుకుని తన పద్ధతి మార్చుకోవాలి. నిఖత్ లేచి దూకుడు పెంచింది. ఆఖరి రౌండు ఐదుగురి కార్డుల్లోనూ ఆమెదే.

దెబ్బ తిన్నాక తీరు మార్చుకునే ఎరుక అంటే ఇదే. ఇది ఎవరికీ పుట్టుకతో రాదు.

ప్రతిభ లేదని కాదు. 1996లో పుట్టిన నిఖత్ మొదట పరుగుపందాల అమ్మాయి. మైదానంలో బాక్సింగ్ చేసే ఆడపిల్లలు లేరేమని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగి, ఆ ఆటలోకి దిగింది. తోడు ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే తలపడి, ముక్కున రక్తం కారుతూ ఇంటికొచ్చింది. తల్లి ఏడ్చింది. 2011లో టర్కీలోని అంతల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం చేతికొచ్చేసరికి నిఖత్‌కు ఇంకా పద్నాలుగేళ్లే. అంత త్వరగా గెలిపించింది ప్రతిభే అనుకుందాం. మరి సీనియర్ ప్రపంచ స్వర్ణానికి పదకొండేళ్లు ఎందుకు పట్టింది?

ఆ మధ్యలో 2017లో భుజం గాయమైంది. ఏడాదిపాటు రింగుకు దూరం. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల కోసం జరిగిన ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓటమి. అయినా సాధన ఆపలేదు. ఇస్తాంబుల్‌లో ఆడిన ప్రతి పోటీనీ 5-0తోనే గెలిచింది. ఆ ఏళ్ల చెమటంతా రెండో రౌండు చేజారాక ఆ ఒక్క నిమిషంలో అక్కరకొచ్చింది.

చరిత్ర క్లుప్తంగా: కర్రసాము, కుస్తీ మన ఊళ్లలో తాలింఖానాల విద్య, కోడి రామ్మూర్తి నాయుడు దానికి పెద్ద పేరు. ఆడవాళ్లకు మాత్రం దారి ఆలస్యంగా తెరుచుకుంది. మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు 2001లో మొదలయ్యాయి. ఒలింపిక్స్‌లో వాళ్లకు చోటు దక్కింది 2012 లండన్‌లోనే.

మరికొన్ని విశేషాలు

మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ తర్వాత ప్రపంచ స్వర్ణం గెలిచిన ఐదో భారతీయ మహిళ నిఖత్. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023 ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ స్వర్ణం. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో ఓడింది. ఆ విభాగంలో ఒలింపిక్ స్వర్ణం వు యుదే.

మీ అమ్మాయిని ఈ విద్యకు పంపుతున్నారా? అయితే బెల్టు రంగు ఎప్పుడు మారుతుందని మాస్టారిని అడగకండి. దెబ్బ తగిలాక పిల్ల ఏం చేస్తోందో అడగండి. మొదటి రోజు ముక్కున రక్తం కారిందని మాత్రం మాన్పించకండి.