తుఫాను వేళ నెట్ ఎక్కడ తెగింది? లైనక్స్ సర్వర్‌లో నాగియోస్ పెట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది.. ఎలాగంటే!

2023 డిసెంబర్ 5.. మిచౌంగ్ తుఫాను బాపట్లకు దగ్గర్లోనే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. తీరంలో ఇలాంటి రోజు వచ్చిందంటే కరెంటు పోతుంది, దాని వెంటే నెట్ పోతుంది. నెట్ పోవడం ఒక సమస్య అయితే, ఎక్కడ పోయిందో తెలియకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ఎందుకంటే ఆ గాలివానలో వెతకడానికి ఎవరో ఒకరు బయటికి వెళ్లాల్సిందే కదా!

ఆ మనిషిని ఎటు పంపాలో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు నాగియోస్ కోర్. పైసా ఖర్చు లేదు. అమెరికాకు చెందిన ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో దీన్ని నెట్‌సెయింట్ అనే పేరుతో విడుదల చేశారు. తర్వాత పేరు నాగియోస్‌గా మారింది. దీన్ని ఎలా పెట్టుకోవాలి? ఎలా వాడాలి? ఇప్పుడు చూద్దాం..

ఒక ఉదాహరణ తీసుకుందాం..

బాపట్లలో మీ ఆఫీసు ఉంది. అక్కడికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక బీచ్ దగ్గర మీకో రిసార్ట్ ఉందనుకోండి. ఆఫీసు డాబా మీద ఒక యాంటెన్నా, రిసార్ట్ మీద ఇంకో యాంటెన్నా. ఆ రెండింటి మధ్య వైర్‌లెస్ లింకు. రిసార్ట్‌లో ఒక రూటర్, ఒక స్విచ్, 8 సీసీ కెమెరాలు, ఒక బిల్లింగ్ కంప్యూటర్. యాంటెన్నాలతో కలిపి మొత్తం 13 పరికరాలు.

వాన మొదలైంది. ఆఫీసులో చూస్తే 13 పరికరాలూ పలకడం లేదు. రిసార్ట్ మొత్తం పోయిందనుకుని టెక్నీషియన్‌ను బీచ్‌కి పంపించారు. తీరా చూస్తే పోయింది ఆఫీసు డాబా మీద యాంటెన్నా! మిగతా 12 బాగానే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లే దారే మూసుకుపోయింది.

ఇన్‌స్టాల్ ఇలా..

దీనికి ఖరీదైన సర్వర్ అక్కర్లేదు. ఇలాంటి చిన్న నెట్‌వర్క్‌కి మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ చాలు. అందులో ఉబుంటు సర్వర్ గానీ డెబియన్ గానీ వేసి, మారిపోకుండా ఒక ఫిక్స్‌డ్ ఐపీ అడ్రస్ ఇవ్వండి.

తర్వాత టెర్మినల్‌లో 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ నాగియోస్4' కమాండ్లు ఇవ్వాలి. అవసరమైన అపాచీ వెబ్ సర్వర్ కూడా దీంతోపాటే వచ్చేస్తుంది. బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ అడ్రస్ కొట్టి, స్లాష్ పెట్టి, నాగియోస్4 అని టైప్ చేస్తే పేజీ తెరుచుకుంటుంది. దీనికి పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టుకోండి. ఈ పేజీని బయటి ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టొద్దు. మీ నెట్‌వర్క్ మ్యాప్ మొత్తం అందులోనే ఉంటుంది మరి.

ఇక పరికరాలను చేర్చాలి. ఈటీసీ ఫోల్డర్ లోపల నాగియోస్4 ఫోల్డర్, అందులో కాన్ఫ్.డి అనే ఫోల్డర్ ఉంటాయి. అక్కడ ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి ఒక్కో పరికరానికి 'డిఫైన్ హోస్ట్' అని రాసి, దాని పేరు, ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఫైల్ పేరు చివర డాట్ సీఎఫ్‌జీ ఉండాలి. అప్పటినుంచి నాగియోస్ ప్రతి పరికరాన్నీ కొన్ని నిమిషాలకోసారి పింగ్ చేసి పలకరిస్తూ ఉంటుంది.

అసలు కీలకం ఒక్క లైనులోనే!

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అప్పుడు లింకు పడిపోగానే 13 అలర్ట్‌లూ ఒకేసారి వచ్చి పడతాయి. ఏది అసలు జబ్బో, ఏది దాని ప్రభావమో అర్థం కాదు.

అందుకే ప్రతి హోస్ట్‌కీ 'పేరెంట్స్' అనే ఇంకో లైను రాయాలి. అంటే సర్వర్ వైపు నుంచి చూస్తే ఆ పరికరానికి ముందు ఏముందో చెప్పాలన్నమాట. కెమెరాలకూ బిల్లింగ్ కంప్యూటర్‌కూ పేరెంట్ స్విచ్. స్విచ్‌కి రూటర్. రూటర్‌కి సూర్యలంక యాంటెన్నా. దానికి బాపట్ల యాంటెన్నా.

ఇప్పుడు ఆఫీసు యాంటెన్నా పోతే నాగియోస్ దాన్ని మాత్రమే 'డౌన్' అని చూపిస్తుంది. మిగతా 12 పరికరాలను 'అన్‌రీచబుల్' అంటుంది. అంటే వాటి సంగతి తెలియదు, దారి మూసుకుపోయింది అని. అదే బాపట్ల యాంటెన్నా పలుకుతూ సూర్యలంక యాంటెన్నా 'డౌన్' అని వస్తే.. గాలికి యాంటెన్నా పక్కకు తిరిగి ఉండొచ్చు, లేదా అక్కడ కరెంటు పోయి ఉండొచ్చు. వెతకాల్సింది ఆ రెండు యాంటెన్నాల మధ్యే.

నోటిఫికేషన్ ఆప్షన్లలో డౌన్‌కి డి, అన్‌రీచబుల్‌కి యు, మళ్లీ పనిచేస్తే ఆర్ అనే అక్షరాలుంటాయి. అందులో యు తీసేస్తే 13 మెసేజ్‌ల బదులు ఒక్కటే వస్తుంది. అలాగే వానకు సిగ్నల్ ఒక్క క్షణం తగ్గితే కంగారు పెట్టకుండా, వరుసగా ఎన్నిసార్లు పలకకపోతే అలర్ట్ ఇవ్వాలో కూడా మీరే నిర్ణయించుకోవచ్చు.

ఫైల్ సేవ్ చేశాక 'నాగియోస్4 మైనస్ వి' కమాండ్‌కి మెయిన్ కాన్ఫిగరేషన్ ఫైల్ దారి ఇస్తే తప్పులుంటే చెప్పేస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

ఇవి మర్చిపోవద్దు..

ఆఫీసు ఇంటర్నెట్టే పోతే సర్వర్ మెయిల్ ఎలా పంపిస్తుంది? పంపలేదు. అందుకే సిమ్ వేసిన జీఎస్ఎం మోడెమ్‌ను సర్వర్‌కి తగిలించి ఎస్ఎంఎస్ వచ్చేలా సెట్ చేసుకోవాలి. సర్వర్‌కి, మోడెమ్‌కి, ఆఫీసు యాంటెన్నాకి యూపీఎస్ ఉండాల్సిందే. సెల్ టవర్ కూడా పడిపోతే ఆ ఎస్ఎంఎస్ కూడా రాదు. కాబట్టి వేరే ఊళ్లో ఉన్న ఇంకో సర్వర్‌తో ఈ సర్వర్‌ను కూడా గమనించేలా పెట్టుకుంటే మేలు. అక్కడి నుంచి అలర్ట్ వస్తే, ఆఫీసే చీకట్లో ఉందని అర్థం.

చివరిగా ఒక్క పరీక్ష. మన తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుఫానుల కాలం. అది రాకముందే, ఎండగా ఉన్న రోజు చూసి ఆఫీసు యాంటెన్నా కేబుల్ మీరే పీకేయండి. ఫోన్‌కి ఒక్క మెసేజ్ వచ్చి, అందులో బాపట్ల యాంటెన్నా పేరు ఉంటే మీ పని అయినట్టే. 13 వచ్చాయా? పేరెంట్స్ లైన్లు, నోటిఫికేషన్ ఆప్షన్లు మళ్లీ చూసుకోండి. అసలేమీ రాలేదా? మోడెమ్ దగ్గర మొదలుపెట్టండి. ఈ తప్పులు ఎండలో దిద్దుకుంటే, గాలివానలో ఎవరినీ ఊరికే బీచ్‌కి పంపాల్సిన పని ఉండదు.